కోడ్ పక్కనే ఆ నాలుగు సంగతులూ రాయండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు, ఈఏపీసెట్ ప్రవేశాల కన్వీనర్ గారికి,

నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో నాకొక చిన్న నెట్ సెంటర్ ఉంది. మామూలు రోజుల్లో జిరాక్సులు, పాన్ కార్డు దరఖాస్తులు, రైలు టికెట్లు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ఫలితాలు వచ్చాక మాత్రం దుకాణం స్వరూపమే మారిపోతుంది. తెనాలి, పొన్నూరు, సత్తెనపల్లి, చిలకలూరిపేట వైపు నుంచి పొద్దున్నే బస్సు దిగి వస్తారు. పిల్లవాడు, తండ్రి, చాలాసార్లు ఒక మేనమామ. చేతిలో ర్యాంకు కార్డు, ప్లాస్టిక్ సంచిలో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు. మీ వెబ్‌సైటులో ఆప్షన్లు, అంటే కోరుకున్న కళాశాలలు, బ్రాంచిలు వరసగా పెట్టుకోవడానికి వస్తారు. ఆ పేజీ ముందు కూర్చున్న మనిషి ఎక్కడ తడబడతాడో, ఎక్కడ పక్కవాడి ముఖం చూస్తాడో నాకు బాగా తెలుసు. ఆ ధైర్యంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీరు చేస్తున్న మంచిపని గురించి చెప్పాలి. ఏటా మీరు విడుదల చేసే ఆఖరి ర్యాంకుల పట్టిక చాలా పనికొస్తుంది. కళాశాల ఏ ఊళ్లో ఉంది, ఏ సంవత్సరంలో పెట్టారు, ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధం, ఏ బ్రాంచిలో ఏ వర్గానికి ఏ ర్యాంకు దగ్గర సీటు ఆగింది, ట్యూషన్ ఫీజు ఎంత, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. నేను దాన్ని ముద్రించి, కుట్టించి, బల్ల మీద పెడతాను. సీజను ముగిసేసరికి అంచులు నలిగి, గుంటూరు, కృష్ణా జిల్లాల పేజీలు ఊడి వస్తాయి.

అయితే చిక్కు కూడా ఆ పట్టికలోనే ఉంది. కళాశాలలను పోల్చుకోవడానికి తండ్రి చేతిలో ఉన్న ఒకే ఒక్క అంకె ఆఖరి ర్యాంకు కావడంతో చదువు నాణ్యతకు అదే కొలత అయి కూర్చుంది. సీట్లు ఇరవై వేల ర్యాంకు దగ్గర ఆగితే మంచి కళాశాల, అరవై వేల దాకా వెళితే మామూలుది. నిజానికి ఆ అంకె నిరుడు ఎంతమంది ఆ కళాశాలను కోరుకున్నారో చెబుతుంది, అంతే. వాళ్లెందుకు కోరుకున్నారు? అంతకు ముందటి ఏడాది పట్టిక చూసి. ఆ ముందువాళ్లు? వాళ్లూ అంతే. ఇలా వెనక్కి ఎంత దూరం వెళ్లినా పాఠం చెప్పే మనిషి గాని, ప్రయోగశాల గాని, నాలుగేళ్ల తర్వాత బయటికొచ్చిన పిల్లవాడు గాని ఎక్కడా ఎదురుపడరు.

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. ఆప్షన్ల పేజీలో కళాశాల కోడ్, బ్రాంచి కోడ్ ఉన్న ఆ వరసలోనే మరో నాలుగు గడులు తెరవండి. ఆ బ్రాంచిలో పాఠాలు చెప్పే అధ్యాపకులు ఎందరు, చేరినవాళ్లలో నాలుగేళ్లకు బకాయి సబ్జెక్టులు లేకుండా పట్టా పుచ్చుకున్నవాళ్లు ఎందరు, ఉద్యోగాలు వచ్చినవాళ్ల మధ్యస్థ జీతం ఎంత, ఏడాదికి అన్నీ కలిపి కట్టాల్సిన సొమ్ము ఎంత. మా ఊరి మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, తేమ ఎంతుందో, తాలు ఎంతుందో చేత్తో చూడనిదే వ్యాపారి ధర పలకడు. అదే యార్డులో సరుకు అమ్మిన రైతు, ఆ డబ్బుతో కొడుకును చేర్చే కళాశాల గురించి మాత్రం పేరూ కోడూ చూసి నిర్ణయించుకోవాలి.

అధ్యాపకుల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఏ బ్రోచరులోనూ కనిపించనిది అదే. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ లెక్క ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. అరవై మంది ఉన్న ఒక సెక్షన్ అంటే నాలుగేళ్లకు కలిపి 240 మంది, అంటే పన్నెండు మంది అధ్యాపకులు. ఐదు సెక్షన్ల కంప్యూటర్ సైన్స్ బ్రాంచికి అరవై మంది కావాలి. ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లకు మించకూడదన్న గరిష్ఠ పరిమితిని 2024-25 నుంచి ఏఐసీటీఈ ఎత్తివేసింది. ఆ తర్వాత మన చుట్టుపక్కల కళాశాలల్లో కంప్యూటర్ సెక్షన్లు ఎలా పెరిగాయో మీ సీట్ల జాబితా చూస్తే మీకే తెలుస్తుంది. గదులు కట్టవచ్చు, కంప్యూటర్లు కొనవచ్చు. ఎంటెక్ చేసి, పాఠం చెప్పగలిగి, సాఫ్ట్‌వేర్ కంపెనీ జీతాన్ని కాదనుకుని తరగతి గదిలో నిలబడే అరవై మంది ఒక్క ఏడాదిలో ఎక్కడి నుంచి వస్తారు? నేను కళాశాలలను తప్పు పట్టడం లేదు. ఉన్నారో లేరో చెప్పమంటున్నాను. అనుబంధ కళాశాలల అధ్యాపకులను ర్యాటిఫికేషన్ పేరుతో ఆమోదించేది సాంకేతిక విశ్వవిద్యాలయం జేఎన్‌టీయూనే. ఆ జాబితా విశ్వవిద్యాలయం దగ్గర ఉంది. అందులోంచి ఒక్క అంకె తెచ్చి ఈ గడిలో వేస్తే చాలు. అరవై మంది ఉండాల్సిన చోట ముప్పై ఒకటి అని కనిపిస్తే, అది ఎవరూ విడమరిచి చెప్పకుండానే తండ్రికి అర్థమవుతుంది.

దీనికి అతుక్కునే ఉన్నది బ్రాంచి పేర్ల గొడవ. ఒకప్పుడు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అంటే జాబితా దాదాపు అయిపోయేది. ఇప్పుడు సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఉంది, సీఎస్ఎం (అందులోనే కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) ఉంది, సీఎస్‌డీ (అందులోనే డేటా సైన్స్) ఉంది, సీఏఐ (అందులోనే కృత్రిమ మేధ) ఉంది, ఏఐడీ (కృత్రిమ మేధ, డేటా సైన్స్) ఉంది. కృత్రిమ మేధ ఒకచోట కంప్యూటర్ సైన్స్ బ్రాకెట్టులో ఉంటుంది, ఇంకోచోట డేటా సైన్స్‌తో జతకట్టి ఉంటుంది, మరోచోట మెషీన్ లెర్నింగ్‌తో. "అన్నా, సీఎస్ఎం అంటే కంప్యూటరేనా, వేరేదా?" ఈ సీజనులో నేను వినే ప్రశ్నల్లో మొదటి స్థానం దీనిదే. కంప్యూటరేనని చెబుతాను. "మరి రెండు పేర్లెందుకు?" అంటారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాల్సింది మీరు. మొదటి ఏడాది ఈ బ్రాంచిలన్నింటికీ పాఠాలు దాదాపు ఒకటే, ఆ తర్వాత కొన్ని సబ్జెక్టులు విడిపోతాయి. ఆ విడిపోయిన సబ్జెక్టులు చెప్పడానికి వేరే అధ్యాపకులు ఉన్నారా, లేక పాత సీఎస్ఈ వాళ్లే అన్నిటికీ తిరుగుతున్నారా? తేడా తెలిసేది అక్కడే. ఆప్షన్ల పేజీలో కోడ్ మీద నొక్కితే, ఆ బ్రాంచికే ప్రత్యేకమైన సబ్జెక్టులు ఏవో తెలుగులో నాలుగు వాక్యాలు కనిపించేలా చేయండి. సీఎస్ఈ రాలేదని ఇంటికెళ్లి అన్నం మానేసే పిల్లలుంటారు. వాళ్లకు వచ్చిన సీఎస్‌డీ అంతకంటే ఏం తక్కువో, అసలు తక్కువేనో, చెప్పే కాగితం ఇప్పుడు ఎక్కడా లేదు.

ఇదే జాతి మరో గందరగోళం న్యాక్, ఎన్‌బీఏ అనే నాణ్యతా గుర్తింపులు. న్యాక్ గ్రేడు సంస్థ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు, పైగా కనీసం రెండు బ్యాచ్‌లు చదువు పూర్తిచేసుకుని బయటికొస్తే గానీ ఆ బ్రాంచి దరఖాస్తుకు అర్హం కాదు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఎన్‌బీఏ అని ఉంటే, అది ఎలక్ట్రానిక్స్‌కు వచ్చిందో, నిన్నగాక మొన్న పెట్టిన బ్రాంచికి కూడా ఉందో ఎవరు విడదీసి చెబుతారు? ఉన్న బ్రాంచి వరసలో ఒక టిక్కు పెట్టండి, లేని చోట ఖాళీగా వదిలేయండి.

ఇక ప్యాకేజీలు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో హోర్డింగుల మీద నవ్వుతున్న పిల్లల ఫొటోలు, పక్కన లక్షల్లో అంకెలు. ఆ అంకె అబద్ధమని నేననను. ఆ జీతం ఒక్కరిది. ఆ ఒక్కరికి వచ్చిన ఉద్యోగం మిగతా వెయ్యి మంది గురించి ఏమీ చెప్పదు. ఇంకో లెక్క కూడా ఉంది. ఒకే అమ్మాయికి మూడు కంపెనీల నుంచి ఆఫర్లు వస్తే బోర్డు మీద అవి మూడు. ఆమె చేరేది ఒకదానిలోనే కదా. ఆఫర్ల సంఖ్య, ఉద్యోగం వచ్చిన విద్యార్థుల సంఖ్య ఒకటి కావు. మధ్యస్థ జీతం అడగడానికి కారణం ఇదే. ఉద్యోగాలు వచ్చినవాళ్లందరినీ జీతం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడే పిల్లవాడి జీతం అది. అతనికి అటు సగం మంది, ఇటు సగం మంది. మా దుకాణానికి వచ్చే తండ్రి కొడుకు ఆ నడిమి మనిషి దరిదాపుల్లో ఉండే అవకాశమే ఎక్కువ.

ఈ సమాచారం కొత్తగా పుట్టించాల్సింది కాదు. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం పాల్గొనే ప్రతి సంస్థా ఎందరు చేరారు, ఎందరు నిర్ణీత కాలంలో పూర్తిచేశారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, ఎందరు పైచదువులకు వెళ్లారు అని నింపి పంపుతుంది. మొదటి ర్యాంకులు 2016లో ఇచ్చారు, కొన్నేళ్లుగా ఈ పద్ధతి ఉంది. ఆ పత్రాన్ని తమ వెబ్‌సైటులో పెట్టాలి కూడా. నేను కొన్నిసార్లు వెతికి తల్లిదండ్రులకు చూపిస్తుంటాను. హోర్డింగు మీది అంకె చూసి వచ్చినవాళ్లు ఈ అంకె చూసి కాసేపు మాట్లాడరు. అయితే అందులో నాలుగేళ్ల డిగ్రీ మొత్తానికి కలిపి ఒకే లెక్క ఉంటుంది, బ్రాంచి వారీగా ఉండదు. సివిల్ కోరుకునే పిల్లవాడికి కంప్యూటర్స్ వాళ్ల జీతాలు కలిసిన లెక్క ఎందుకు? మీరు అడిగితే కళాశాలలు బ్రాంచి వారీగా ఇవ్వక తప్పదు.

"వివరాలన్నీ కళాశాల వెబ్‌సైట్లలో ఉన్నాయి కదా" అని మీ వాళ్లు అనవచ్చు. ఉన్నాయి. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం తప్పనిసరిగా వెల్లడించాల్సిన వివరాల పత్రం ప్రతి కళాశాలా పెట్టాలి. పేజీ అట్టడుగున, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో, కొన్నిచోట్ల రెండేళ్ల కిందటిది ఉంటుంది. ఒక విద్యార్థి కనీసం ముప్పై, నలభై ఆప్షన్లు పెడతాడు. నలభై వెబ్‌సైట్లు తెరిచి, నలభై పత్రాలు వెతికి, పట్టిక గీసుకోవాలంటే ఎవరికి సాధ్యం? ఆ పని ఒక్కసారి మీరు చేస్తే లక్షల మందికి తప్పుతుంది.

ఫీజు దగ్గరికి వద్దాం. ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ నిర్ణయించే ట్యూషన్ ఫీజు మీ పట్టికలో ఉంటుంది, సంతోషం. కాని కుటుంబం కట్టేది అదొక్కటే కాదు. ప్రత్యేక ఫీజు, విశ్వవిద్యాలయం ఫీజు, ప్లేస్‌మెంట్ శిక్షణ ఫీజు, బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజు. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుందని ధైర్యంగా వచ్చిన తండ్రి చేరే రోజున కౌంటరు దగ్గర రసీదు చూసి వేలితో వరసలు లెక్కపెట్టుకుంటాడు. ఏవి కట్టి తీరాలి, ఏవి ఇష్టమైతేనే కట్టాలి అన్నది ఆప్షన్ పెట్టుకునేటప్పుడే తెలియాలి. దాంతోపాటు ఇంకో మాట ఎర్ర అక్షరాల్లో రాయండి. రీయింబర్స్‌మెంటు వర్తించేది ర్యాంకు ప్రకారం మీరు కేటాయించే కన్వీనర్ కోటా సీటుకు. యాజమాన్య కోటాలో గాని, ఆఖర్న మిగిలిన సీట్లకు కళాశాలలోనే జరిగే స్పాట్ ప్రవేశాల్లో గాని చేరితే వర్తించదు. "అదే సీటు, అదే తరగతి, ఇప్పుడే చేరండి" అని ఎవరో అన్న మాట నమ్మి, మొదటి ఏడాది మధ్యలో సంగతి తెలుసుకుని లబోదిబోమన్న కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి.

కాలపట్టిక విషయంలో నాకు మీ మీద కొంచెం కోపమే ఉంది. 2025లో ఈఏపీసెట్ ఫలితాలు జూన్ 8న వచ్చాయి. ఆప్షన్లు తెరిచింది జూలై మధ్యలో. తరగతులు ఆగస్టులో. ఈలోగా డీమ్డ్ (విశ్వవిద్యాలయ హోదా పొందిన) సంస్థలు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ సొంత పరీక్షలు పెట్టి, ఇంటర్ పరీక్షలు రాస్తున్నప్పుడే ఫోన్లు చేసి, ముందుగా కడితే రాయితీ అని చెప్పి, ఏప్రిల్, మే నెలల్లోనే సీటు ఖరారు చేస్తాయి. ఒకప్పుడు ఎంసెట్ (ఈఏపీసెట్ పాత పేరు) ద్వారా పిల్లలు చేరిన వడ్లమూడి, వడ్డేశ్వరం కళాశాలలు 2008, 2009లో డీమ్డ్ హోదా తెచ్చుకుని తమ దారిన తాము వెళ్లాయి. అది వాళ్ల హక్కు, వాటిలో చదివి బాగుపడ్డవాళ్లూ ఎందరో ఉన్నారు. కాని ర్యాంకు తెలియకముందే, కన్వీనర్ కోటాలో ఏం వస్తుందో తెలియకముందే లక్ష రూపాయలు కట్టేసిన తండ్రి, జూలైలో మంచి సీటు వచ్చినా ఆ లక్ష పోతుందేమోనని దాన్ని వదులుకుంటున్నాడు. ఈ నిర్ణయం భయంతో తీసుకున్నది, ఆలోచించి కాదు.

ఆ భయం సగం అనవసరమైనది, అది కూడా మీరు చెప్పాల్సిందే. ఫీజు వాపసు గురించి విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. 2024-25లో అయితే సెప్టెంబరు 30 లోపు ప్రవేశం రద్దు చేసుకుంటే మొత్తం ఫీజు, అక్టోబరు 31 లోపు అయితే వెయ్యి రూపాయలకు మించకుండా మినహాయించుకుని మిగతాది తిరిగి ఇవ్వాలని చెప్పింది. డీమ్డ్ విశ్వవిద్యాలయాలకూ ఇది వర్తిస్తుంది. ఈ సంగతి నా దుకాణంలో అద్దం మీద కాగితం రాసి అంటించాను. "ఇది నిజమేనా, మాకు ఎవరూ చెప్పలేదే" అంటారు. నెట్ సెంటర్ అద్దం మీది కాగితాన్ని ఎవరు నమ్ముతారు? అదే మాట మండలి ముద్రతో, ఆ ఏడాదికి వర్తించే తేదీలతో, ర్యాంకు కార్డు వెనకవైపు ఉంటే వాపసు కౌంటరు దగ్గర చూపించడానికి పనికొస్తుంది.

ఇంకొకటి. ఐనవోలు, నీరుకొండ వైపు వచ్చిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ ద్వారానే భర్తీ అవుతాయని ఎంతమందికి తెలుసు? మంచి ర్యాంకు ఉండి కూడా "అవి డబ్బున్నవాళ్లవి" అని ఆ వరసలు దాటేసి కిందికి పోతారు. జాబితాలో వాటి పక్కన ఒక చిన్న గమనిక చాలు. ఇలాగే తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలవే. జేఈఈ ర్యాంకు వచ్చిన పిల్లలు అటూ ఇటూ రెండు కౌన్సెలింగుల మధ్య తేదీలు కుదరక నలుగుతుంటారు. ఆ తేదీలు చూసుకుని మీవి వేసుకోవచ్చు కదా.

పీఆర్వోల గురించి, అంటే కళాశాలల తరఫున పిల్లల్ని చేర్పించేవాళ్ల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. మీ హెల్ప్‌లైన్ కేంద్రం గేటు బయట, బస్టాండు దగ్గర, నా దుకాణం మెట్ల మీద కూడా ఉంటారు. చాలామంది పాపం చదువుకున్న కుర్రాళ్లే, తలకింతని ఇస్తారని ఎండలో నిలబడతారు. "అంకుల్, మీకెందుకు శ్రమ, ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వండి, ఆప్షన్లు మేమే పెట్టేస్తాం" అంటారు. పెడతారు కూడా, తమ కళాశాల అన్ని బ్రాంచిలూ మొదటి వరసల్లో వచ్చేలా. నా దుకాణంలో అలా చేయనివ్వను, అందుకు నామీద కొందరికి గుర్రుగానే ఉంటుంది. కాని ఊళ్లలో సెల్‌ఫోనులోనే అంతా అయిపోతుంటే ఆపేదెవరు? పిల్లవాడు చివరగా భద్రపరచిన ఆప్షన్లలో మొదటి పది తెలుగులో, కళాశాల పేరూ ఊరూ బ్రాంచితో సహా, తల్లిదండ్రుల ఫోనుకు సందేశంగా పంపండి. ఆప్షన్లు మార్చుకోవడానికి ఇచ్చే రోజుకు ముందే పంపండి, తర్వాత పంపి లాభం లేదు.

కళాశాలలు తప్పుడు అంకెలు ఇస్తాయేమోనన్న అనుమానం మీకు రావడం సహజం. ఇస్తాయి, కొన్ని. అందుకే ప్రిన్సిపాల్ సంతకంతో తీసుకోండి, విశ్వవిద్యాలయం దగ్గరున్న ఫలితాలతో, ర్యాటిఫికేషన్ జాబితాతో సరిచూడండి, తప్పని తేలితే మరుసటి ఏడాది ఆ వరసలో "తప్పుడు సమాచారం ఇచ్చారు" అని రాయండి. జరిమానా కంటే ఆ మూడు మాటలకే ఎక్కువ భయపడతారని నా అంచనా. సరైన అంకెలు ఇచ్చే కళాశాలలకు దీనివల్ల నష్టం లేదు. హోర్డింగులకు డబ్బు పెట్టలేని, పాఠాలు శ్రద్ధగా చెప్పే చిన్న కళాశాలలు జిల్లాలో కొన్ని ఉన్నాయి, వాటికైతే ఇది వరమే.

వచ్చే నోటిఫికేషనుకు ముందే ఒక నమూనా పేజీ తయారు చేయించండి. రాష్ట్రమంతా అక్కర్లేదు, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల కళాశాలలతో చాలు. మంగళగిరిలోని మీ కార్యాలయం నుంచి బ్రాడీపేటకు గంట ప్రయాణం కూడా కాదు. మీ సాంకేతిక బృందంలో ఒకరిని పంపితే మా దుకాణానికి వచ్చే తల్లిదండ్రుల ముందు ఆ పేజీ తెరిచి పెడతాను. వాళ్లు ఏ గడి దగ్గర ఆగారో, ఏ మాట అర్థం కాక నన్ను అడిగారో ఆయన పక్కన కూర్చుని రాసుకోవచ్చు. కుర్చీ, కంప్యూటరు, టీ ఖర్చు నావి.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని,
బ్రాడీపేట, గుంటూరు